ఫోన్‌లో వచ్చే రిపోర్టులు

బ్రిస్బేన్‌లో నేను సీటీ స్కాన్ తీసే రేడియోగ్రాఫర్‌ని. ఆస్ట్రేలియాలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ బాగా ఎక్కువ. తెల్ల చర్మం, మండే ఎండ. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి తోలే ఇమ్యునోథెరపీ పేషెంట్లు మాకు కొత్త కాదు. హన్మకొండలో మావాళ్లకు మాత్రం నేను "స్కాన్ డాక్టర్". కాదంటే వినరు. ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ఫొటో నా వాట్సాప్‌కు రావాల్సిందే. ఇక్కడ టైం నాలుగున్నర గంటలు ముందు. వాళ్లు అన్నాలు తిని తీరిగ్గా ఫోన్ చేసేసరికి నాకు అర్ధరాత్రి దాటుతుంది.

పర్కాల దగ్గర మా పెద్దబాపుకు అరికాల్లో నల్ల మచ్చ లేచింది. మన దగ్గర మెలనోమా ఎక్కువగా అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుంది, దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. పత్తి చేన్లో ముల్లు విరిగిందనుకున్నారు, తర్వాత ఆనె అనుకున్నారు. తేలేసరికి ఊపిరితిత్తికి పాకింది. హైదరాబాద్‌లో నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఎక్కిస్తున్నారు. మొదలుపెట్టాక తీసిన మొదటి స్కాన్‌లో 18 మిల్లీమీటర్ల గడ్డ 24 అయింది.

"బిడ్డా, గడ్డ పెరిగిందట గద! గన్ని పైసలు పోస్తున్నం, మందు పన్జేస్తలేదా?" అని పెద్దమ్మ ఏడుపు.

కీమోలో అయితే 20 శాతం పెరిగి, ఆ పెరుగుదల కనీసం 5 మిల్లీమీటర్లుంటే జబ్బు ముదిరినట్టే లెక్క. ఈ మందు దారి వేరు. ఇది గడ్డను నేరుగా చంపదు, జబ్బుతో పోరాడే మన టీ కణాలకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పడిన బ్రేకు తీస్తుంది. ఆ కణాలు గడ్డలోకి గుంపుగా దూరితే అది కొన్నాళ్లు ఉబ్బినట్టు కనబడొచ్చు. అందుకే ఇమ్యునోథెరపీలో గడ్డల కొలతలు లెక్కగట్టడానికి 2017లో వచ్చిన ఐరెసిస్ట్ పద్ధతిలో, మొదటిసారి పెరిగితే "ఇంకా ఖాయం కాలేదు" అని రాసుకుని, మనిషి బాగుంటే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ తీస్తారు.

అలాగని ఆశ పెట్టడానికి నాకు నోరు రాలేదు. మెలనోమాలో ఇలా ఉత్తుత్తిగా పెరిగినట్టు కనబడేది పది మందిలో ఒక్కరికి కూడా ఉండదు. చాలాసార్లు పెరిగిందంటే నిజంగా పెరిగినట్టే. అందుకే ముందు అన్నం తింటున్నాడా, బరువు తగ్గాడా, ఆయాసం ఉందా అని అడిగాను. "మొన్న బర్రెను తోలుకపోయిండు" అన్నాడు అన్న. నాకైతే ఆ ముక్కే రిపోర్టు కంటే ఎక్కువ చెప్పింది.

ఇంకోటి, అంకెను పట్టుకుని అంత టెన్షన్ పడే ముందు స్కాన్ ఎట్లా తీశారో చూడాలి. శ్వాస బిగబట్టమంటే చాలామంది మధ్యలో వదిలేస్తారు. ఊపిరితిత్తి అడుగున ఉన్న గడ్డ అంచు అలుక్కుపోతుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. "అదే సెంటర్‌కు పోండి, పాత సీడీ పట్టుకుపోండి" అని మాత్రం గట్టిగా చెప్పాను.

రెండో స్కాన్‌లో గడ్డ 17కు దిగింది. కానీ ఛాతీ మధ్యలో రెండు వైపులా లింఫు గ్రంథులు ఉబ్బాయి. మళ్లీ ఫోన్, మళ్లీ ఏడుపు. ఈ మందుతో సార్కాయిడ్ లాంటి, క్యాన్సర్ కాని వాపు రావచ్చని డాక్టర్ అనుమానించి, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. అందులో క్యాన్సర్ కణాలు లేవు. మందు నడుస్తోంది, దాని వల్ల థైరాయిడ్ మందగించడంతో, దాంతోపాటు పొద్దున్నే పరగడుపున ఒక థైరాయిడ్ మాత్ర.