పాత విన్నెబేగో డాష్‌బోర్డు కింద

అమెరికాలో చాలా మెకానిక్ షెడ్లలో కస్టమర్ని బండి దగ్గరికి రానివ్వరు. ఇన్సూరెన్స్ గొడవ. కౌంటర్ దగ్గరే తాళాలు పుచ్చుకుని కుర్చీ చూపిస్తారు. డాష్‌బోర్డు మీటర్లు, వైర్లు బాగుచేసే నా పని దీనికి పూర్తిగా తలకిందులు. చలికాలమంతా అరిజోనా ఎడారిలో, క్వార్ట్‌సైట్ ఊరి చుట్టుపక్కల దిగిన పాత మోటార్‌హోమ్‌ల దగ్గరికి నేనే వెళ్ళాలి. అక్కడ బండే ఇల్లు. నేను డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి వైర్లు వెతుకుతుంటే, యజమాని పక్క సీట్లో కూర్చుని ఆ బండి జాతకమంతా చెబుతుంటాడు. వెనక మంచం మీద ఆవిడ మందులు సర్దుకుంటూ, ఆయన చెప్పిన సంవత్సరాలు సరిదిద్దుతూ ఉంటుంది. ఈ కబుర్లు వినడం కూడా పనిలో భాగమే. స్టీరియో ఎవరు పెట్టారు, టాంకు ఎప్పుడు దించారు అన్నది తెలిస్తే సగం తంటా తీరినట్టే.

ఊరికి దక్షిణాన లా పోసా అనే మైదానం కేంద్ర ప్రభుత్వానిది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ తీసుకుని అక్కడ మకాం వేయొచ్చు. కెనడా నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి రిటైరైన వాళ్ళు మంచు తప్పించుకుని దిగుతారు. కొత్త బండ్లవాళ్ళకి నాతో పనిలేదు. నన్ను పిలిచేది 1970ల నాటి విన్నెబేగో కంపెనీ మోటార్‌హోమ్‌ల వాళ్ళు. డాడ్జ్ చాసీస్ మీద అయోవాలోని ఫారెస్ట్ సిటీలో కట్టిన బండ్లు అవి.

నేను అన్నయ్య స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు మీద, తల నెరిశాక వచ్చినవాణ్ణి. ఆటో ఎలక్ట్రీషియన్ పని తప్ప ఇంకేం రాదు. మొదట ఫీనిక్స్‌లో ఒక షెడ్డులో చేరాను. 1996 నుంచి ఇక్కడ అమ్మే కార్లన్నిటికీ స్కానర్ తగిలించే సాకెట్ ఉంటుంది. తగిలించడం, కోడ్ చదవడం, ఆ భాగం మార్చడం. జీతం కూడా పుస్తకంలో ఆ పనికి ఎన్ని గంటలు రాసుంటే అన్నిటికే. నువ్వు నిజంగా ఎంతసేపు చేశావన్నది లెక్కలోకి రాదు. కుర్రాళ్ళు పుస్తకంలోని గంటలకన్నా ముందే ముగించి డబ్బులు చేసుకునేవారు. నేను వెనకబడిపోయేవాణ్ణి. ఒకసారి ఒక ముసలి విన్నెబేగో వచ్చింది. సాకెట్ లేదు, పుస్తకంలో దానికి గంటలూ లేవు. అందరూ తప్పుకుంటే నా దగ్గరికి తోశారు. అలా మొదలైంది ఈ పని.

యజమాని ఎప్పుడూ మీటరు పాడైందనే అంటాడు. చాలాసార్లు మీటరు పాపం ఏమీ ఎరగదు. పెట్రోలు, వేడి, ఆయిలు ముళ్ళు మూడింటికీ బ్యాటరీ కరెంటు నేరుగా రాదు. వోల్టేజ్ లిమిటర్ అని చిన్న డబ్బీ ఉంటుంది. అందులో రెండు లోహాల రేకు వేడెక్కి వంగుతూ, చల్లారి అతుక్కుంటూ, కరెంటును తెంపుతూ కలుపుతూ సగటున 5 వోల్టులే పంపుతుంది. ఒక్క ముల్లే తేడాగా ఉంటే ముందు దాని సెండర్ని (టాంకులోనో ఇంజిను మీదో ఉండి మీటరుకి కొలత పంపే ముక్క), వైరుని అనుమానించాలి. మూడూ ఒకేసారి చచ్చినా, మూడూ ఒకేసారి చివరికి ఎగబాకినా ఆ డబ్బీ దగ్గరికే పోవాలి. ఎగబాకితే మాత్రం వెంటనే తాళం తీసేయమంటాను. డబ్బీకి ఎర్త్ తెగితే రేకు వేడెక్కదు, తెంపదు. 12 వోల్టులూ పోయి మీటర్ల లోపలి చుట్టలు మాడిపోతాయి. మామూలు కారులో డాష్‌బోర్డు ఇనుముకి బిగించి ఉంటుంది కాబట్టి ఎర్త్ దానంతటదే దొరుకుతుంది. ఇక్కడ చుట్టూ చెక్క, ప్లాస్టిక్, ఫోము. పాపం ఆ డాష్‌బోర్డంతా ఒకటీ అరా సన్నని వైర్ల మీద బతుకుతుంటుంది. నా సంపాదనలో పెద్ద వాటా తుప్పు గీకి ఎర్త్ బిగించడానిదే.

ఇంకో చిక్కు పాత మరమ్మతులు. డాడ్జ్ టాంకు నిండితే సెండర్ సుమారు 10 ఓముల నిరోధం చూపిస్తుంది, ఖాళీ అయితే 70 పైచిలుకు. ఆ కాలపు జనరల్ మోటార్స్‌ది తలకిందులు: ఖాళీకి సున్నా, నిండుకి 90. ఎవరో చేతికి దొరికిన సెండర్ని దింపేసి ఉంటారు. ఇక చూడండి, పెట్రోలు తగ్గేకొద్దీ ముల్లు నిండు వైపు నడుస్తుంది. అలాంటి బండితోనే ఏళ్ళు గడిపేసిన దంపతులున్నారు. వాళ్ళకి అసలు మీటరు జనరేటరు. అదీ అదే టాంకు నుంచి తాగుతుంది, కాని దాని గొట్టం పొట్టిది. పావు టాంకు మిగలగానే ఆగిపోతుంది. లైట్లు ఆరితే బంకుకి పోవాలన్నమాట. నాకా పద్ధతి నచ్చింది, మార్చమని బలవంతపెట్టలేదు.

బ్యాటరీకి పోయే, వచ్చే కరెంటు చూపే అమీటరు విషయంలో మాత్రం మొహమాటపడను. పాత డాడ్జ్ బండ్లలో ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పోయే కరెంటంతా డాష్‌బోర్డు దాకా వచ్చి అమీటరు గుండా తిరిగి పోతుంది. వెనక నట్లు కాలక్రమేణా వదులవుతాయి. వదులైన చోట వేడి, వేడికి వైరు తొడుగు గోధుమరంగుకి తిరగడం. ఇంట్లో నిద్రపోయే మనుషులున్న బండిలో దాన్ని అలా వదలకూడదు. బ్యాటరీ విప్పి, ఆ రెండు వైర్లనూ ఒకే బోల్టుకి గట్టిగా కలిపి తొడుగేస్తాను. పక్కన వోల్ట్‌మీటరు పెడతాను: ఇంజిను నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. అసలు రూపం పోతుందని గొడవపెట్టే వాళ్ళుంటారు. అమీటరుని దాని చోటే ఉంచుతాను, ముల్లు మధ్యలో నిలబడి ఉంటుంది. అలంకారానికి సరిపోతుంది.

బిల్లు దగ్గర నాకు మొదట్లో నోరు పెగిలేది కాదు. రెండు గంటలు వెతికి ఒక నట్టు బిగిస్తే ఎంత అడగాలి? ఇక్కడివాళ్ళు వెతకడానికే డబ్బు ఇస్తారు, ముందే చెప్పాలంతే. చెప్పకుండా తక్కువ రాస్తే అనుమానపడతారు, పని సగమే చేశావేమోనని.

తిరిగిన మైళ్ళు లెక్కపెట్టే ఓడోమీటరుకి మాత్రం చట్టం ఉంది. రిపేరు చేసినా పాత అంకె మారకూడదు. నిలబెట్టడం కుదరకపోతే సున్నాకి తిప్పి, రిపేరుకి ముందున్న మైళ్ళు, తేదీ రాసిన చీటీ ఎడమ, అంటే ఇక్కడ డ్రైవరు వైపు, తలుపు చట్రానికి అంటించాలి. ఆ చీటీ పీకినా నేరమే. ఒకాయన నవ్వాడు. అది అయిదంకెల మీటరు, 99,999 దాటితే దానంతటదే సున్నాకొస్తుంది, ఎన్నిసార్లు వచ్చిందో దేవుడికే తెలియాలి, దీనికి చీటీయా అని. నాది గ్రీన్‌కార్డు బతుకు సార్, రాయాల్సిందే అన్నాను. రాశాక తెలిసింది, ఆ బండికి డ్రైవరు వైపు తలుపే లేదు. ఎక్కేది కుడిపక్క నుంచి. ఇద్దరం కాసేపు తర్జనభర్జన పడి, ఎడమ కిటికీ చట్రానికి అంటించి, ఎందుకక్కడ అంటించామో బిల్లు మీద ఒక ముక్క రాసిపెట్టాం.