మొదట టైరు, చివర లోతు: ట్రై బైకుకు ఏరో వీల్స్ ఎంచుకున్న తీరు

రేసు వీల్స్ అనగానే అందరూ ముందు అడిగేది లోతు గురించే, అంటే రిమ్ము టైరు నుంచి ఇరుసు వైపు ఎంత దిగి ఉంటుందన్నది. 60 మి.మీ. తీసుకోవాలా, 80 తీసుకోవాలా, వెనక డిస్క్ (పుల్లలు కనిపించకుండా పూర్తిగా మూసిన చక్రం) వేయాలా అని. నేను ఆ ప్రశ్నను చివరికి నెట్టేశాను. ఫ్రేములో ఎంత ఖాళీ ఉంది, ఏ టైరు వేయాలి, ఆ టైరుకు ఎంత వెడల్పు రిమ్ము కావాలి అనేవి తేలిపోతే మార్కెట్లో ఉన్న వీల్స్‌లో మనకు పనికొచ్చేవి నాలుగైదే మిగులుతాయి. లోతు వాటిలోంచి చూసుకుంటే సరిపోతుంది.

కింది లెక్కలన్నీ డిస్క్ బ్రేకులున్న ట్రై (ట్రయథ్లాన్) బైకుకు, 62 కిలోల మనిషికి, గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కు (ఈత, సైక్లింగ్, పరుగు వరసగా చేసే రేసు) వేసుకున్నవి. సైక్లింగ్ 90 కిలోమీటర్లు, వేగం గంటకు 34 కిలోమీటర్ల దగ్గర. ఒక మాట ముందే చెప్పాలి. గాలి నిరోధంలో పెద్ద వాటా మనిషి ఒంటిదే. ఏరోబార్ల (మోచేతులు ఆనించి ముందుకు వంగే హ్యాండిల్) మీద గంటసేపు కుదురుగా ఉండలేకపోతే వీల్స్ మీద లక్షలు పోయడం దండగ. ముందు ఫిట్ (బైకును ఒంటికి సరిపడా అమర్చుకోవడం), తర్వాత హెల్మెట్, ఒంటికి అతుక్కునే సూట్, మంచి టైర్లు. వీల్స్ వంతు ఆ తర్వాతే.

కొలతలు వెర్నియర్ కాలిపర్‌తో మొదలుపెట్టాను. వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాల (చెయిన్‌స్టేల) మధ్య, టైరు వచ్చే చోట, ఖాళీ 38 మి.మీ. రెండు పక్కలా నాలుగేసి మి.మీ. వదిలితే టైరు 30 దాటకూడదు. ఇక్కడ చూడాల్సింది టైరు మీద అచ్చు వేసిన అంకె కాదు, గాలి కొట్టాక ఉండే అసలు వెడల్పు. లోపలి వెడల్పు 22 మి.మీ. ఉన్న రిమ్ము మీద నా 28 టైరు 29.3 తేలింది. కొత్త టైరు గాలి కొట్టిన మర్నాటికి ఇంకాస్త సాగుతుంది కాబట్టి అప్పుడే కొలవాలి.

తర్వాత 105 శాతం సూత్రం. వీల్స్ తయారుచేసే జిప్ కంపెనీలో ఉండగా ఇంజనీరు జోష్ పోర్ట్‌నర్ చెప్పినదిగా ప్రచారంలో ఉంది. రిమ్ము బయటి వెడల్పు టైరు అసలు వెడల్పు కంటే కనీసం 5 శాతం ఎక్కువ ఉండాలి. టైరు రిమ్ము కంటే బయటికి ఉబ్బితే, టైరు మీదుగా వచ్చిన గాలి రిమ్మును అంటుకోకుండా విడిపోతుంది. అప్పుడు 80 లోతు కొన్నా దాని ఫలితం సగం గాల్లోనే పోతుంది. 29.3కు లెక్క కడితే 30.8 వస్తుంది. అంటే బయటి వెడల్పు 31 ఉన్న రిమ్ము కావాలి. పాత 27 మి.మీ. రిమ్ములు తక్కువ ధరకు దొరుకుతాయి కానీ వాటికి 25 టైరు కూడా కొలిచి చూసుకునే వేయాలి. ఈ సూత్రం ముందు చక్రానికి ముఖ్యం. వెనక చక్రం ఎలాగూ ఫ్రేము చాటున, కాళ్ళు కలియదిప్పిన గాలిలో తిరుగుతుంది కాబట్టి అక్కడ కాస్త అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు.

హుక్‌లెస్ రిమ్ములు, అంటే టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లేనివి, నేను వద్దనుకున్నాను. వాటిలో గాలి పరిమితి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ. టైరు కూడా ఆ రిమ్ముకు సరిపడుతుందని తయారీదారు జాబితాలో ఉండాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ సైకిల్ రేసులో థామస్ డి గెంట్ అనే రైడర్ ముందు టైరు హుక్‌లెస్ రిమ్ము నుంచి ఊడిపోయాక, లోపలి వెడల్పు 25 ఉన్న రిమ్ముకు 28 టైరు జోడించవచ్చా అన్న చర్చ చాలాకాలం నడిచింది. నియమాలు పాటిస్తే హుక్‌లెస్ ప్రమాదమని నేను అనను. కానీ మన ఎండల్లో ఆ 72.5 ఎంత దగ్గరలో ఉందో చూడండి. 25 డిగ్రీల్లో 65 పీఎస్‌ఐ కొట్టిన టైరు ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 72కు చేరుతుంది.

ఇక లోతు. ముందు చక్రం హ్యాండిల్‌తో కలిసి తిరుగుతుంది. పక్కగాలి ఆ చక్రాన్ని తోస్తే హ్యాండిల్ గుంజుకుంటుంది. 34 వేగంతో వెళ్తుండగా సరిగ్గా పక్కనుంచి గంటకు 10 కి.మీ. గాలి వీస్తే, సైకిలుకు ఆ గాలి 16 డిగ్రీల కోణంలో తగులుతుంది. వాతావరణ యాప్‌లో చూపించే గాలి వేగం నేలకు 10 మీటర్ల ఎత్తున కొలిచేది. మన ఎత్తులో అంతకంటే చాలా తక్కువే ఉంటుంది. అంచేత యాప్‌లో 20 చూసి హడలిపోనక్కర్లేదు. భయపెట్టేది నిలకడగా వీచే గాలి కాదు. గోడ చాటు నుంచో లారీ పక్క నుంచో బయటపడగానే ఒక్కసారిగా తాకే విసురు. 62 కిలోల బరువుకు ముందు 60 చాలనిపించింది. 75 కిలోలు దాటి, బైకు మీద పట్టున్న వాళ్ళు 80 వేసుకోవచ్చు. చక్రం కొత్తలో గాలి ఉన్న రోజు ఏరోబార్ల మీదే సాధన చేయాలి. గాలికి జడిసి చేతులు బేస్‌బార్ (బ్రేకులుండే పక్క హ్యాండిల్) మీదికి తెచ్చారంటే చక్రం ఇచ్చిన లాభం అక్కడే పోయింది.

వెనక లోతు ఎంతైనా స్టీరింగ్‌కు ఇబ్బంది లేదు. ఐరన్‌మ్యాన్ రేసుల్లో మామూలుగా వెనక డిస్క్‌కు అనుమతి ఉంటుంది, ముందు చక్రానికి ఉండదు. హవాయిలోని కోనాలో మాత్రం పక్కగాలుల వల్ల ఏళ్ళ తరబడి వెనక కూడా నిషేధించారు. ఏ రేసుకైనా అథ్లెట్ గైడ్ చూసుకుని కొనడం మేలు. నేను వెనక 80 తీసుకున్నాను. డిస్క్‌కూ దీనికీ తేడా ఉంది కానీ చిన్నది. డిస్క్‌కు గాలి కొట్టాలంటే వంపు తిరిగిన అడాప్టర్ విడిగా కావాలి, ధరా ఎక్కువ. డబ్బు తక్కువుంటే మామూలు వెనక చక్రానికి ప్లాస్టిక్ కవర్ బిగించడం అన్నిటికన్నా చవకైన దారి. అది మీ రిమ్ముకు, బ్రేకుకు సరిపడుతుందో ముందే చూసుకోవాలి.

బరువు గురించి వాదించేవాళ్ళకు ఒక లెక్క. 400 గ్రాములు ఎక్కువైతే 1 శాతం ఎత్తులో గంటకు 30 వేగంతో ఎక్కడానికి అదనంగా కావలసింది ఒక వాట్‌లో మూడో వంతు. 5 శాతం ఎత్తులో 15 వేగంతో అయినా ఒక వాట్ నిండదు.

ఆర్డరు పెట్టే ముందు హబ్ (చక్రం నడిమి భాగం) వివరాలు సరిచూసుకోవాలి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. డిస్క్ బ్రేకుకు సాధారణంగా ముందు 12×100, వెనక 12×142 యాక్సిల్. 10 పళ్ళ చిన్న గేరున్న స్రామ్ కంపెనీ 12 స్పీడ్ రోడ్ క్యాసెట్‌కు (వెనక పళ్ళచక్రాల గుత్తి) ఎక్స్‌డీఆర్ రకం ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే భాగం) తప్పనిసరి. షిమానో కంపెనీ 12 స్పీడ్ రోడ్ క్యాసెట్ పాత 11 స్పీడ్ హెచ్‌జీ రకం ఫ్రీహబ్ మీద కూర్చుంటుంది. రిమ్ బ్రేకు బైకులవాళ్ళు బ్రేకు కాలిపర్ ఎంత వెడల్పు తెరుచుకుంటుందో కొలవాలి. కార్బన్ రిమ్ములకు కార్బన్ ప్యాడ్లే వాడాలి. అల్యూమినియం రిమ్ము మీద అరిగిన ప్యాడ్లలో లోహపు ముక్కలు ఇరుక్కుని కార్బన్‌ను గీకేస్తాయి.

బిగింపు పెద్ద పనేం కాదు. క్యాసెట్ లాక్‌రింగ్, సెంటర్‌లాక్ రోటర్ (డిస్క్ బ్రేకు పళ్ళెం) లాక్‌రింగ్ రెండూ 40 న్యూటన్ మీటర్లకు బిగించాను. రోజువారీ చక్రం నుంచి రేసు చక్రానికి మారినప్పుడల్లా బ్రేకు రాసుకోకుండా, తేడా ఉన్న హబ్‌లో రోటర్ కింద 0.2 మి.మీ. షిమ్ (పల్చటి వాషర్) వేశాను. గేరు ట్యూనింగ్ ఒకసారి సరిచూసుకోవాలి. 60 రిమ్ముకు 80 మి.మీ. వాల్వు, 80 రిమ్ముకు 100 మి.మీ. లేదా వాల్వును పొడిగించే ఎక్స్‌టెండర్ కావాలి. ఎక్స్‌టెండర్ వాడితే వాల్వు కోర్ విప్పి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి ఎక్స్‌టెండర్ బిగించి, కోర్‌ను దాని కొసన పెట్టాలి. లేదంటే పంపు గేజి సరిగ్గా చూపించదు, గాలీ మెల్లగా దిగిపోతుంది. రిమ్ము రంధ్రంలో వాల్వు టకటకలాడితే అక్కడ ఎలక్ట్రికల్ టేపు ఒక ముక్క చాలు.

ట్యూబులు లేటెక్స్‌వి వేశాను. దొర్లే నిరోధం మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు కంటే తక్కువ, కానీ రాత్రికి రాత్రే గాలి దిగుతుంది. రిమ్ బ్రేకు కార్బన్ రిమ్ముల్లో ఇది వద్దు. బ్రేకు వేడికి లేటెక్స్ తట్టుకోదు.

వీల్స్ నిజంగా పనిచేస్తున్నాయా అని చూడటానికి పవర్ మీటర్, హబ్‌కు కట్టే స్పీడ్ సెన్సర్ చాలు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు ఒకే రోడ్డు మీద వచ్చీపోయే రౌండ్లు తిరిగి, రాబర్ట్ చంగ్ చెప్పిన వర్చువల్ ఎలివేషన్ పద్ధతిలో (పవర్, వేగాల నుంచి గాలి నిరోధాన్ని అంచనా కట్టే తీరు) గోల్డెన్ చీటా సాఫ్ట్‌వేర్‌లో చూడొచ్చు. టైర్లు, గాలి, దుస్తులు, కూర్చునే తీరు ఏదీ మారకూడదు. పాత వీల్స్, కొత్త వీల్స్, మళ్ళీ పాత వీల్స్ అనే వరసలో చేయాలి. లేకపోతే మధ్యలో లేచిన చిరుగాలిని చక్రం ఘనతగా రాసుకుంటాం.

రేసుకు ముందు రోజు బైకు ర్యాకులో పెట్టేటప్పుడు గాలి 40 పీఎస్‌ఐకి దించేస్తాను. మధ్యాహ్నం ఎండకు ట్రాన్సిషన్‌లో (రేసు బైకులన్నీ నిలిపి ఉంచే చోట) ట్యూబులు ఫటఫటా పేలడం మామూలే. పొద్దున ముందు 66, వెనక 69. స్పేర్ ట్యూబు కూడా పొడుగు వాల్వుదే ఉండాలి, వెనక చక్రానికి ఎక్స్‌టెండర్ విడిగా జేబులో. పంక్చరైనప్పుడు చిన్న సిలిండర్‌తో కొట్టే సీఓ2 రబ్బరు గుండా గాలి కంటే త్వరగా బయటికి పోతుంది, లేటెక్స్‌లో ఇంకా త్వరగా. అందుకే స్పేర్‌గా బ్యూటైల్ ట్యూబే పెట్టుకుంటాను.