మన కాలేజీ ఫుట్‌బాల్ టీమ్, 1986-87

మన రీయూనియన్ కోసం వేస్తున్న ఈ సంచికలో క్రికెట్ టీమ్ గురించి ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. రాయాలి కూడా, వాళ్ళు ఆడింది మామూలు ఆట కాదు. నేను మాత్రం ఫుట్‌బాల్ టీమ్ గురించే రాస్తాను. ఆ ఏడాది మనవాళ్ళు ఉస్మానియా ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంట్‌లో ఫైనల్ దాకా వెళ్ళారన్న సంగతి మన బ్యాచ్‌లోనే చాలామందికి తెలీదు, ఇక జూనియర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆ టీమ్‌లో లెఫ్ట్ హాఫ్, అంటే ఎడమ వైపు మధ్యలో, ఆడినవాణ్ణి కాబట్టి, ఇది ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

మనది సికింద్రాబాద్ కాలేజీ. ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళంతా దాదాపు ఆ నాలుగు చోట్ల నుంచే వచ్చేవాళ్ళు, లాలాగూడ రైల్వే క్వార్టర్లు, బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ. ఇంట్లో ఒకడిది తమిళం, ఒకడిది దక్కనీ, ఇంకొకడిది ఇంగ్లీషు, నాలాంటి వాళ్ళది తెలుగు. గ్రౌండ్‌లోకి దిగాక మాత్రం "ఛోడ్ దేరా, వెనక మ్యాన్ ఉన్నాడు!" అని అన్నీ కలిపి అరుచుకునేవాళ్ళం, అందరికీ అర్థమయ్యేది. అమ్ముగూడ నుంచి వచ్చే మన సెంటర్ ఫార్వర్డ్‌కి తులసీదాస్ బలరాం అంటే ప్రాణం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన బలరాం వాళ్ళ అమ్ముగూడ మనిషే మరి. వాళ్ళ నాన్న ఆయన ఆట కళ్ళారా చూశారట, ఆ కథలు విని విని మా అందరికీ కంఠతా వచ్చేశాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కుర్రాళ్ళలో సగం మందికి ఫుట్‌బాల్ కాలక్షేపం కాదు. యూనివర్సిటీ టీమ్‌కి ఆడిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో బ్యాంకులోనో ఉద్యోగానికి ఒక దారి ఉండేది. ఇంటర్ కాలేజియేట్‌లో సెలెక్టర్ల కంట్లో పడటమే ఆ దారికి మొదటి మెట్టు. అందుకే మ్యాచ్ ముందు రోజు వాళ్ళ మొహాల్లో కనిపించే టెన్షన్ వేరుగా ఉండేది. పరీక్ష ఫీజు కట్టడానికి తడుముకునే ఇళ్ళ నుంచి వచ్చి, చెప్పులు కుట్టే ఆయన చేత పాత బూట్లకి మళ్ళీ మళ్ళీ స్టడ్లు కొట్టించుకుని, ఆ మేకులు లోపలికి పొడుచుకొస్తుంటే అట్టముక్క మడిచి పెట్టుకుని ఆడేవాళ్ళు. షిన్ గార్డులు ఎవరి దగ్గరా ఉండేవి కావు, స్టాకింగ్స్ లోపల న్యూస్ పేపర్ మడత పెట్టుకోవడమే.

ఇక కోచ్. కాలేజీ పెట్టిన కోచ్ అని కూడా అనలేం, ఇచ్చే డబ్బు ఆయన సైకిల్ రిపేరుకి సరిపోయేదేమో. పోలీస్ టీమ్‌లో ఆడి రిటైరైన పెద్దాయన, మేమంతా చాచా అనేవాళ్ళం. హైదరాబాద్ సిటీ పోలీస్ అంటే ఏమిటో ఈ తరానికి తెలియాలి: 1950 నుంచి 1954 దాకా అప్పట్లో బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంట్ రోవర్స్ కప్‌ని వరసగా ఐదేళ్ళు గెలిచిన టీమ్ అది, దాన్ని తయారు చేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ రెండింట్లోనూ ఇండియాకి బంగారు పతకం ఆయన కోచింగ్‌లోనే వచ్చింది, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. చాచా కుర్రతనంలో రహీం సాబ్ దగ్గర ఆట నేర్చుకున్నారు. ఆయన పేరు చెప్పేటప్పుడు నోట్లో బీడీ ఉంటే తీసేసేవారు.

రహీం సాబ్ బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనే పోటీలు పెట్టేవారని పాతవాళ్ళు చెబుతారు. చాచా దాన్ని మా మీద ప్రయోగించారు. జులైలో ప్రాక్టీస్ మొదలవగానే, కుడి కాలితో బాల్ ముట్టుకుంటే ఫౌల్ అన్నారు. నేను ఎడమ కాలివాణ్ణి కాబట్టి నాకు మాత్రం ఎడమ కాలితో ముట్టుకుంటే ఫౌల్. చూడ్డానికి ఘోరంగా ఉండేది, పాస్ ఇద్దామంటే బాల్ టచ్ లైన్ దాటి క్యాంటీన్ దాకా పోయేది. మన రైట్ బ్యాక్ అయితే ఒకరోజు కోపంతో బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు, చాచా సైకిలేసుకుని వెళ్ళి తీసుకొచ్చారు. కానీ కొన్ని వారాలు గడిచాక తేడా తెలిసింది. ఒక్క కాలే వచ్చినవాడు బాల్ అందగానే దాన్ని తన మంచి కాలి మీదకి జరుపుకుంటాడు, ఆ ఒక్క టచ్ వేసే లోపు అవతలివాడు మీద పడిపోతాడు. రెండు కాళ్ళూ వచ్చినవాడికి ఆ టచ్ అక్కర్లేదు, బాల్ ఎటు నుంచి వస్తే అటు కాలితో పంపించేస్తాడు. మన టీమ్‌లో పెద్ద డ్రిబ్లర్లు లేరు, మనిషికి మించిన వేగమూ లేదు. మనం గెలిచినవన్నీ ఆ మిగిలిన ఒక్క టచ్ వల్లే గెలిచామని నా నమ్మకం.

అంతకు ముందు జూన్‌లోనే మెక్సికో వరల్డ్ కప్. దూరదర్శన్‌లో రాత్రి పదకొండున్నరకి ఫైనల్, హాస్టల్ కామన్ రూమ్‌లో కాలు పెట్టే సందు లేదు. వార్డెన్ గారే వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. చాచా కూడా వచ్చారు. వారం ముందు ఇంగ్లండ్ మీద మారడోనా అందర్నీ దాటుకుంటూ వెళ్ళి కొట్టిన గోల్ గురించే మా అందరి గోలా. ఆ రాత్రి మారడోనా టీమ్ అర్జెంటీనా మీద జర్మనీ రెండు గోల్స్ వెనకబడి కూడా సమం చేసింది, ఇక ఎక్స్‌ట్రా టైమే అనుకున్నాం, అప్పుడు చుట్టూ జర్మన్లు మూగి ఉండగా మారడోనా ఒకే ఒక్క టచ్‌తో బాల్‌ని తన టీమ్‌లోని బుర్రుచాగా ముందుకి తోశాడు. గోల్, 3-2. మేం ఎగిరి గంతులేస్తుంటే చాచా మాత్రం "వో పాస్ దేఖా? వో పాస్ దేఖా?" అని పక్కనున్నవాడి భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. తర్వాత ప్రాక్టీస్‌లో ఎవడైనా బాల్ ఎక్కువసేపు ఉంచుకుంటే "బుర్రుచాగా ఎక్కడ?" అని అడిగేవారు.

మొదటి రెండు రౌండ్లు తేలిగ్గానే అయిపోయాయి, క్వార్టర్ ఫైనల్‌ కూడా పెద్దగా చెప్పుకోవాల్సింది కాదు. సెమీఫైనల్ వేరు. అవతల ఉన్నది అందరూ కప్పు వాళ్ళదే అనుకుంటున్న కాలేజీ, మనకన్నా ఒళ్ళూ వయసూ ఉన్న ఆటగాళ్ళు. మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన, సున్నం గీతలు కరిగి కాలవలు కట్టాయి. ఫస్టాఫ్‌లో మన పాసింగ్ ఆట బురదలో కూరుకుపోయింది, బాల్ నీళ్ళు తాగి బండరాయిలా అయింది, కిందనుంచి కొడితే సగం దూరంలో ఆగిపోతోంది. హాఫ్ టైమ్‌లో నిమ్మకాయ ముక్కలు చప్పరిస్తూ కూర్చున్నాం, చాచా రెండే మాటలు చెప్పారు: ఈ రోజుకి నేను నేర్పింది మర్చిపోండి, బాల్ పైకి లేపండి. అన్ని నెలలు నేల మీదే ఆడమని ప్రాణం తీసిన మనిషి అలా అనగలిగారు చూడండి, అదే నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

వాళ్ళ పెనాల్టీ ఏరియా ముందు ఒక మడుగు ఉంది. ఇంటికెళ్ళిపోయాడని చెప్పిన ఆ రైట్ బ్యాక్, ఎడమ కాలితోనే, సెంటర్ లైన్ దగ్గర నుంచి ఎత్తి కొట్టాడు. గోల్ ముందు కాపలా ఉండే వాళ్ళ స్టాపర్, బాల్ ఎగిరి తన వైపు వస్తుందని వెనక్కి అడుగులేశాడు. బాల్ మడుగులో చప్పున పడి అక్కడే ఆగిపోయింది. అమ్ముగూడ కుర్రాడు ఆ మడుగు సంగతి ముందే చూసుకున్నాడు, పరుగు ఆపి దాని పక్కనే నిలబడి ఉన్నాడు. వంగి చూసినంత తీరిగ్గా గోల్ కొట్టాడు.

ఆ తర్వాత అంతా మన గోల్ కీపరే. కీపర్ గ్లోవ్స్ కొనే స్తోమత లేక వాళ్ళ నాన్నగారు లాలాగూడ వర్క్‌షాప్‌లో వేసుకునే గుడ్డ గ్లోవ్స్ తెచ్చుకునేవాడు, తడిస్తే బాల్‌ని అవే బాగా పట్టేవి. చివరి నిమిషాల్లో ఒకసారి బాల్ మీద పడుకుండిపోతే ముగ్గురు అతని మీద పడ్డారు, లేచేసరికి కనుబొమ్మ చిట్లి రక్తం, బాల్ మాత్రం పొట్ట కిందే ఉంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన వాళ్ళ నాన్నగారు గోల్ వెనక ఖాకీ బట్టల్లో తడుస్తూ నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. విజిల్ వేశాక మాత్రం మా అందరికీ ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఆయనే ఇప్పించారు.

ఫైనల్ 2-0తో ఓడాం. వాళ్ళు మనకన్నా బాగా ఆడారు, అంతే.

గోల్ కీపరూ సెంటర్ ఫార్వర్డూ ఆ ఏడాది యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్ట్ అయ్యారు. కీపర్‌కి రైల్వేలో ఉద్యోగం వచ్చింది, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఆ జీతం మీదే చేశాడు. చాచా ఇప్పుడు లేరు. ఆయన ఆడిన కాలపు ఫుట్‌బాల్ ఊరు కూడా మెల్లగా చిక్కిపోయింది. 1983 తర్వాత అందరూ క్రికెట్ వైపు వెళ్ళారనే మాట సగమే నిజం. కుర్రాడికి ఆట వల్ల అన్నం దొరుకుతుందనే నమ్మకం పోతే ఏ ఆటా నిలవదు, ఇక్కడ ఆ నమ్మకమే పోయింది. 2022 మార్చిలో గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల మీద కేరళని ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రాత్రి, హైదరాబాద్ గోల్ కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపగానే మన కీపర్ నాకు ఫోన్ చేశాడు. మాట సరిగ్గా రాలేదు, ఏడుస్తున్నాడు.

రీయూనియన్ కమిటీకి ఒక విన్నపం. ఫైనల్ రోజు తీసిన టీమ్ ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పట్టుకురండి, కాపీ తీసి పీఈటీ రూమ్‌లో పెట్టిద్దాం. జమ చేస్తున్న డబ్బులో కొంత గోల్ పోస్టుల నెట్లకీ బూట్లకీ పక్కన పెట్టండి. మన రైట్ బ్యాక్ బ్యాంకు నుంచి రిటైరయ్యాడు, కీపర్ ఇక్కడే మల్కాజిగిరిలో ఉంటున్నాడు. ఇప్పటి పిల్లలు ఆడతామంటే పొద్దున ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉంటామని ఇద్దరూ మాటిచ్చారు, అడిగే రాస్తున్నాను.