బాదం నానబెట్టడం: ఆరు వారాల నా నోట్సు

అమ్మకు రెండు దవడ పళ్లు కదలడం మొదలయ్యాక గట్టి పప్పులన్నీ పక్కన పెట్టేసింది. బాదం అంటే ఆమెకు చాలా ఇష్టం. నానబెడితే తినగలదు కదా అని మొదలుపెట్టాను. కానీ ఎంతసేపు నానాలి, పొట్టు తీయాలా వద్దా, నానిస్తే నిజంగా బలం పెరుగుతుందా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. అందుకే స్వయంగా కొలిచి, చదివి, రాసుకోవాలనుకున్నాను.

మొదటి వారం: తూకం

ఒక గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ త్రాసు, మూతున్న గాజు గిన్నె, ఒక నోటుబుక్కు. ఇవే సరంజామా. ముందు వాసన చూశాను. పాత నూనె వాసన వచ్చే బాదం నానబెట్టినా బాగుపడదు. వేయించని ఎండు బాదం 50 గ్రాములు తూచితే 41 గింజలు వచ్చాయి. రెండుసార్లు కడిగి, 150 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు పోశాను. ప్రతిసారీ గింజల్ని గుడ్డతో తుడిచాకే తూచాను, లేకపోతే పైన అంటిన నీళ్లు లెక్క తప్పిస్తాయి.

రెండు గంటలకు 57 గ్రాములు. నాలుగు గంటలకు 61. ఎనిమిది గంటలకు 67. పన్నెండు గంటలకు 70. ఇరవై నాలుగు గంటలు ఉంచినా 73 దాటలేదు. అంటే ఎక్కువ నీళ్లు మొదటి ఎనిమిది గంటల్లోనే లోపలికి పోతున్నాయి.

తూకం కన్నా నాకు ఎక్కువ నేర్పింది చాకు. ప్రతిసారీ ఒక గింజను అడ్డంగా కోసి చూశాను. నాలుగు గంటలప్పుడు అంచులు మెత్తబడ్డా నడుమ ఇంకా గట్టిగానే ఉంది. అమ్మ పంటికి ఇబ్బంది పెట్టేది ఆ నడుమ భాగమే. ఎనిమిది గంటలకు గింజ మొత్తం ఒకేలా కొరుకుడు పడింది. రాత్రి పడుకునే ముందు వేసి పొద్దున తీయడం సరైన పద్ధతే.

రెండో వారం: తొందరలో ఉంటే

మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి, వెంటనే చన్నీళ్లలో వేస్తే పొట్టు వేళ్ల మధ్య నొక్కగానే జారిపోతుంది. చూడ్డానికి నానినట్టే ఉంటుంది కానీ కొరికితే లోపల గట్టిదనం అలాగే ఉంది. పొట్టు ఊడిందంటే గింజ నానిందని కాదు. వంటకు రుబ్బడానికైతే ఈ పద్ధతి చాలు. నమిలి తినే పెద్దవాళ్లకు పనికిరాదు.

మూడో వారం: పారబోసినవి

ఎండలు ఎక్కువగా ఉన్న రోజు గిన్నెను వంటగట్టు మీదే పదహారు గంటలు వదిలేశాను. నీళ్లు చిక్కబడ్డాయి, గింజలు జిగురుగా తగిలాయి, పులిసిన వాసన వచ్చింది. కడిగి వాడదామన్న ఆలోచన కూడా పెట్టుకోకుండా అన్నీ పారేశాను. ఎండు బాదంలో తేమ చాలా తక్కువ కాబట్టి నెలల తరబడి నిలవ ఉంటుంది. నీళ్లు పట్టాక అది కూడా తడి ఆహారమే, సూక్ష్మజీవులు పెరగడానికి అనువుగా మారుతుంది.

అప్పటినుంచి ఫ్రిజ్‌లోనే నానబెడుతున్నాను. చల్లదనం వల్ల నానడం నెమ్మదిస్తుంది. పన్నెండు గంటలకు 66 గ్రాములే వచ్చింది, కానీ భయం లేదు. నానిన వాటిని నీళ్లు వంపేసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచడం లేదు.

నాలుగో వారం: తిన్నదాంట్లో ఏముంది

ఈ వారం చదవడానికే సరిపోయింది. 28 గ్రాములంటే సుమారు 23 గింజలు. అందులో 6 గ్రాముల ప్రోటీన్, మూడున్నర గ్రాముల పీచు, 76 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 7 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ ఇ ఉంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన విటమిన్ ఇ 15 మిల్లీగ్రాములు, అంటే దాదాపు సగం ఇక్కడే దొరుకుతుంది. కొవ్వు 14 గ్రాములున్నా ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే రకం. రోజూ తింటే చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఆ "కొద్దిగా" అన్న మాట ముఖ్యం. ఇది మందుకు బదులు కాదు.

నానబెడితే పోషకాలు ఎన్నో రెట్లు పెరుగుతాయన్నది మాత్రం నిజం కాదు. నానిన గింజలో కొత్తగా చేరేది నీళ్లే. ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ నీళ్లలోకి పోతుందని చాలామంది నమ్ముతారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి చూస్తే నానబెట్టడం వల్ల పెద్ద తేడా కనబడలేదు. పరగడుపునే తినాలన్న నియమం కూడా ఏమీ లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. నానిన 70 గ్రాముల్లో ఉండే పోషకాలు ఎండు 50 గ్రాములవే. అందుకే నానినవాటిని తూచి తినకుండా, గింజలు లెక్కపెట్టి తినాలి.

పొట్టు విషయంలో నా అభిప్రాయం మారింది. మొదట్లో తప్పకుండా తీసేదాన్ని. అందులో పీచుతోపాటు పాలీఫినాల్స్ అనే మంచి పదార్థాలూ ఉన్నాయని తెలిశాక నా వంతుకు తీయడం మానేశాను. నానిన నీళ్లు గోధుమ రంగులోకి మారడానికి, వగరుగా ఉండడానికి కారణం ఆ పొట్టే. ఆ నీళ్లు పారబోసి, గింజల్ని ఇంకోసారి కడిగితే వగరు చాలావరకు పోతుంది. అమ్మకు మాత్రం పొట్టు పళ్ల సందుల్లో ఇరుక్కుంటోంది, అందుకని తీసే ఇస్తున్నాను.

నాకు బాగా పనికొచ్చిన సంగతి మరొకటి ఉంది. బాదంలోని కొవ్వు, ఆ గింజ కణాల గోడల మధ్య బంధించి ఉంటుంది. బాగా నమిలితేనే ఆ గోడలు పగిలి లోపలిది ఒంటికి అందుతుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కొలిస్తే, 28 గ్రాముల బాదం నుంచి శరీరానికి అందింది 129 కేలరీలే. మామూలు లెక్క ప్రకారమైతే 160కి పైనే ఉండాలి. సరిగ్గా నమలలేనివాళ్లకు ఇంకా తక్కువే అందుతుంది కదా. ఇది చదివాక అమ్మ వాటాను సన్నగా తరగడం మొదలుపెట్టాను. పంటికి నొప్పి ఉన్న రోజు మిక్సీలో బరకగా తిప్పి ఇస్తాను.

జాగ్రత్తలు కూడా రాసుకున్నాను. బాదం, జీడిపప్పు లాంటి వాటి ఎలర్జీ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకు గింజను గింజగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. బాదంలో ఆక్సలేట్ ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లు వచ్చేవాళ్లు డాక్టరును అడిగాకే తినాలి. ఘాటైన చేదు తగిలితే వెంటనే ఉమ్మేయాలి. చేదు బాదంలోని అమిగ్డలిన్ నుంచి సైనైడ్ విడుదలవుతుంది.

ఐదో వారం: మళ్లీ ఎండబెట్టడం

నానినవి మిగిలితే కరకరలాడేలా చేయొచ్చా అని చూశాను. ఓవెన్‌ను 65 డిగ్రీల దగ్గర పెట్టి, ఒకే వరసలో పరిచి, మధ్యమధ్య తిప్పాను. ఎండాయో లేదో తెలుసుకోవడానికి త్రాసే ఆధారం. 50 గ్రాములతో మొదలుపెట్టినవి మళ్లీ 50 దగ్గరకు వస్తే తేమ పోయినట్టే. నాకు పద్నాలుగు గంటలు పట్టింది. రుచి బాగుంది, విరిస్తే పెళుసుగా విరిగింది. కానీ అంత సేపు ఓవెన్ నడపడం మా ఇంటికి సరిపడదు. సరిపడా లెక్కపెట్టి నానబెట్టడమే మేలు.

ఆరో వారం: ఇప్పటి పద్ధతి

రాత్రి తొమ్మిదికి గింజలు కడిగి ఫ్రిజ్‌లో పెడతాను. అమ్మకు పది, నాకు పదిహేను. పొద్దున తొమ్మిదికి నీళ్లు వంపి, మళ్లీ కడిగి, అమ్మవి మాత్రం పొట్టు తీసి తరుగుతాను. ఈ గురువారం నేను లేచేసరికే అమ్మ గిన్నె బయటికి తీసి, పొట్టు తీసేసి, చాకు కోసం వెతుకుతోంది. ఎనిమిది ముక్కలు తిని, "ఇంకాస్త సన్నగా తరిగితే బాగుంటుందేమో" అంది. వచ్చే వారం తురిమే పీటతో చేసి చూడాలి.