మా బడుల కార్యక్రమాల పట్టిక: ఒక విద్యాసంవత్సరపు అనుభవం

2024 జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే, ఆ ఏడాది జరిగే ఆటలు, పోటీలు, ఉత్సవాలు, ప్రతిభా పరీక్షలన్నింటికీ ఒక పట్టిక తయారు చేసి నడిపించే బాధ్యతను మా ప్రధానోపాధ్యాయులు నాకు అప్పగించారు. మాది శ్రీకాకుళం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. చుట్టుపక్కల ఊళ్లలోని ప్రాథమిక పాఠశాలల్లో చదువు ముగించిన పిల్లలు మా దగ్గరికే వస్తారు కనుక, పట్టిక మా ఒక్క బడికే కాకుండా ఆ బడులన్నింటికీ కలిపి ఉండాలని ఆయన కోరారు.

ఆగస్టు 15, సెప్టెంబరు 5, నవంబరు 14, జనవరి 26 వంటి రోజులను రాసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పాత రిజిస్టర్లు తిరగేసినప్పుడు నన్ను కలవరపెట్టింది వేరే విషయం. అంతకుముందు ఏడాది ఎనిమిదో తరగతిలో చక్కగా చదివే ఒక అమ్మాయి జాతీయ ఉపకారవేతన పరీక్షకు, అంటే మనమందరం ఎన్.ఎం.ఎం.ఎస్. అనే పరీక్షకు, కూర్చోలేకపోయింది. పరీక్ష ఎప్పుడో ఆ కుటుంబానికి తెలుసు. దరఖాస్తుకు గడువు ఎప్పుడు ముగుస్తుందో, దానికి జత చేయవలసిన ఆదాయ ధ్రువపత్రం ఎప్పటికి చేతికి రావాలో మాత్రం వాళ్లకు చెప్పినవారు లేరు. ఈ పరీక్షలో ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు సంవత్సరానికి 12,000 రూపాయలు అందుతాయి. కూలిపనులతో బతికే ఇంట్లో ఆ డబ్బు ఆడపిల్ల చదువును నిలబెట్టగలదు. గడువు తెలియక ఒక బిడ్డ దాన్ని పోగొట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

అందువల్ల పట్టికలో ప్రతి కార్యక్రమానికీ మూడు తేదీలు రాయాలని నిర్ణయించుకున్నాను: కాగితాలు సిద్ధం కావలసిన రోజు, పేరు నమోదుకు చివరి రోజు, కార్యక్రమం జరిగే రోజు. ఇంకా ఉత్తర్వులు రాని వాటికి గత సంవత్సరాల తేదీలను చూసి పెన్సిలుతో రాసి, ఖరారయ్యాక సిరాతో దిద్దాను. స్కూల్ గేమ్స్ ఎంపికల కోసం అండర్-14, అండర్-17 పిల్లల పుట్టినతేదీలు మా వ్యాయామోపాధ్యాయులు జూలైలోనే సరిచూశారు. ఆధార్‌లో ఒక తేదీ, బడి రికార్డులో మరో తేదీ ఉంటే ఎంపికల రోజున మైదానం దగ్గర చేయగలిగింది ఏమీ ఉండదు. విద్యార్థుల కొత్త శాస్త్రీయ ఆలోచనలకు ఇచ్చే జాతీయ పురస్కారం ఇన్‌స్పైర్ మానక్‌కు ఒక్కో బడి నుంచి అయిదు ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. కనుక ముందు పిల్లల పేరిట ఖాతాలు తెరిపించే పని పెట్టుకున్నాం.

పట్టికలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసి వచ్చిన రోజు ఆగస్టు 29. హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జయంతి కావడంతో అది జాతీయ క్రీడా దినోత్సవం, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి కావడంతో అదే రోజు తెలుగు భాషా దినోత్సవం. రెండింటికీ పిల్లలు కావాలి, రెండింటికీ వేదిక కావాలి. ఒకదాన్ని మరునాటికి జరపమని కొందరు సూచించారు కానీ, మా జిల్లాలో ఈ రెండింటినీ విడదీయడం నాకు ఇష్టం లేకపోయింది. 1863లో గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మా జిల్లాదే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి పెరిగిన ఊసవానిపేట కూడా మా జిల్లాదే. ఉదయం భాషకు, మధ్యాహ్నం ఆటలకు కేటాయించాం. గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడినవారే కాదు, సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని తపించినవారు కూడా. అందుకే ఉపన్యాసాలు తగ్గించి, కొండమీది ఊరి నుంచి వచ్చి మా దగ్గర చదువుకునే ఒక సవర అమ్మాయిని తన భాషలో కొన్ని మాటలు చెప్పమని అడిగాం. ఆమె మొదట నేలచూపులు చూస్తూ నిలబడింది. మైకు పట్టుకున్నాక మాత్రం తన ఊరి గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పి, తర్వాత తానే తెలుగులో అర్థం వివరించింది. ఆ తర్వాత తరగతిలో కూడా ఆమె గొంతు వినిపించసాగింది. మధ్యాహ్నం ప్రాథమిక పాఠశాలల పిల్లలు తొక్కుడుబిళ్ల, ఖోఖో ఆడుతుంటే మా పదో తరగతి పిల్లలు రిఫరీలుగా నిలబడ్డారు.

పట్టిక వేయడం ఒక ఎత్తు, దాన్ని ఇళ్లకు చేర్చడం మరో ఎత్తు. తరగతికొక వాట్సాప్ గ్రూపు ఉంది. కానీ మా ప్రాంతంలో చాలామంది తండ్రులు పనుల కోసం హైదరాబాదుకో చెన్నైకో విశాఖకో వలస వెళతారు, గ్రూపులో ఉన్న ఫోను వాళ్లతోనే ఉంటుంది. ఇంట్లో ఉండేది నాయనమ్మ, అమ్మమ్మ. అందుకని మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలందరూ పళ్లేలు కడుక్కునే కుళాయిల పక్క గోడకు తెల్లరంగు వేయించి, రానున్న నెల కార్యక్రమాలను పెద్ద అక్షరాలతో అక్కడ రాయించాను. చేతులు తుడుచుకుంటూ చదవని పిల్లవాడు ఉండడు. గడువు దగ్గరపడిన వాటిని ఎర్రరంగుతో రాసేవాళ్లం. ప్రతి శనివారం ప్రార్థన సమయంలో ఒక విద్యార్థి వాటిని చదివి వినిపించేవాడు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు అవే వివరాలు కాగితం మీద రాసి పంపితే వాళ్లూ తమ బడుల్లో అలాగే చదివించారు. ఒకరోజు మనవడితో బడికి వచ్చిన ఒక ముసలమ్మ ఆ గోడ దగ్గర ఆగి, "ఏ రోజుకి ఏ గుడ్డలు కావాలో ముందుగా సెప్తే సాలు బాబూ, అప్పటికప్పుడంటే ఎక్కడ తెస్తాం" అంది. నృత్యాలకు అద్దె దుస్తుల ఖర్చు ఇళ్లమీద పడుతున్న సంగతి ఆ మాటతోనే బోధపడింది. ఆ రోజు నుంచి, కుటుంబం డబ్బు పెట్టవలసిన ఏ కార్యక్రమాన్నీ పట్టికలో ఉంచలేదు.

మాకు అక్టోబరంటే తుపానుల భయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరి, జీడి తోటల ఉద్దానం ప్రాంతాన్ని నేలమట్టం చేయడం మా పిల్లల్లో చాలామందికి గుర్తుంది. ఆ నెలలో ఆరుబయట జరగవలసినవేవీ పెట్టకుండా గదుల్లో జరిగే క్విజ్‌లు, చిత్రలేఖనం వంటివే ఉంచాను. బడి పిల్లల జాతీయ కళా పోటీ అయిన కళా ఉత్సవ్ కోసం పిల్లలు మా ప్రాంతపు జానపద నృత్యం తప్పెటగుళ్లు ఎంచుకున్నారు. ఒక విద్యార్థి తాతగారు ఆ కళాకారుడే. సాయంత్రం చివరి బస్సు పోతుందని భోజన విరామంలోనే సాధన పెట్టుకున్నాం. మొదట తప్పెట ఇవ్వకుండా ఉత్త చేతులతో ఎదమీద దరువు వేయించారాయన. అడుగు, దరువు కలిశాకనే రేకు తప్పెట మెడలో వేసి, కాళ్లకు గజ్జెలు కట్టారు. మా జట్టు పైస్థాయికి ఎంపిక కాలేదు. అయితే డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశంలో వాళ్లు మా ప్రాంగణంలో ఆడితే, వచ్చిన పెద్దలు కుర్చీలు వదిలి చుట్టూ చేరారు. పిల్లల చదువు గురించి మాట్లాడటానికి ఎప్పుడూ ముందుకు రాని కొందరు ఆ తాతగారి పక్కన కూర్చుని మాతో చాలాసేపు మాట్లాడారు.

ఆ మరునాడే ఆదివారం ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష. పట్టికలో రెండూ పక్కపక్కన కనబడినప్పుడే, ఎనిమిదో తరగతి పిల్లలను సమావేశపు పనుల్లోకి, నృత్యాల్లోకి తీసుకోకూడదని తీర్మానించాం. ముగ్గులు, కుర్చీలు, స్వాగతం అన్నీ తొమ్మిదో తరగతి వారు చూసుకున్నారు. అర్హత ఉన్న ప్రతి విద్యార్థీ దరఖాస్తు చేసి, హాల్‌టికెట్‌తో పరీక్ష కేంద్రానికి చేరాడు. ఆ ఏడాది నేను చేసిన పనులన్నింటిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే.

సంక్రాంతి సెలవుల తర్వాత పదో తరగతి వారిని అన్ని కార్యక్రమాల నుంచీ తప్పించాం. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి ప్రాథమిక పాఠశాలల పిల్లలను మా ప్రయోగశాలకు పిలిచి, ఆరు, ఏడు తరగతుల వారితో చిన్న ప్రయోగాలు చేయించి చూపించాం.

ఏప్రిల్‌లో ప్రగతి పత్రాలు ఇచ్చేటప్పుడు, ఎనిమిదిలోకి వెళుతున్న పిల్లల తల్లిదండ్రులకు మరో కాగితం కూడా ఇచ్చాం. ఆదాయ ధ్రువపత్రానికి గ్రామ సచివాలయంలో ఏమేమి ఇవ్వాలో, ఎప్పటిలోగా తెచ్చుకోవాలో అందులో రాసి ఉంది. చదవడం రాని వారికి పిల్లల చేతనే చదివించి వినిపించాం.