కొండెక్కేటప్పుడు చరిత్ర చెప్పకండి

"నాన్నా, ఈ ఒక్క రోజైనా నాకేమీ నేర్పకు" అంది మా అమ్మాయి. లండన్ నుంచి సముద్రపొడ్డునున్న బ్రైటన్‌కి సైకిళ్ల మీద పోతూ డిచ్‌లింగ్ ఊరు దాటుతున్నాం, బ్రైటన్ ఇంకా చాలా దూరం.

నేనేమన్నానని? పాచమ్ ఊరి పైన గుట్టల్లో ఛత్రి అనే స్మారకం ఉంది, మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసిన చోటు, కాస్త పక్కకి తిరిగి చూసి వెళ్దామన్నాను. అంతే. అంటే, దానికి ముందు టర్నర్స్ హిల్ నుంచీ రాయల్ పెవిలియన్ గురించి చెప్తూనే ఉన్నాననుకోండి. 1914 చివర్లో ఆ రాజభవనాన్ని మన సిపాయిలకి ఆసుపత్రిగా మార్చడం, హిందువులకీ ముస్లింలకీ మంచినీళ్ల కుళాయిలు కూడా విడివిడిగా పెట్టడం, అన్నీ.

డిచ్‌లింగ్ బీకన్ కొండ ఎత్తు 248 మీటర్లే. కానీ లండన్ నుంచి నలభై మైళ్లకి పైగా తొక్కొచ్చాక ఎదురయ్యే ఎక్కుడు అది. మొదట చెట్ల నీడ, ఆపైన మలుపులే మలుపులు, వెనక దాటడానికి చోటు లేక పాకుతూ వచ్చే కార్లు. మా అమ్మాయి పెడల్స్ మీద నిలబడి తొక్కుకుంటూ పైకి పోయింది. నేను దిగి సైకిల్ తోసుకుంటూ నడిచాను. ఊపిరాడక చరిత్ర పాఠం అక్కడ దానంతటదే ఆగింది.

పిల్లలతో వెళ్లేవాళ్లకి నా సలహా, చిన్న గేరు వాలు మొదలవకముందే వేయించండి, మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ ఊడిపోవచ్చు. దారిలో మన వాళ్ల గుర్తులుంటే తప్పక చూపించండి అని కూడా రాద్దామనుకున్నాను. నోరు రావట్లేదు. ఎందుకంటే మా అమ్మాయి పుట్టకముందు స్నేహితులతో ఎన్నిసార్లు బ్రైటన్ వెళ్లినా, ఆ పెవిలియన్ గుమ్మటాల పక్కనుంచి నేరుగా సముద్రంలోకి వంతెనలా కట్టిన పియర్‌కి పోయినవాణ్ణే నేను. ఛత్రి పేరు కూడా వినలేదు. దేశం వదిలొచ్చింది నేను, హోంవర్క్ మాత్రం దానికి. అలాగని మానతానా? వచ్చే వేసవికి ఛత్రి మీదుగా మ్యాప్ అప్పుడే గీసేశాను, అక్కడికి వెళ్లేది మట్టిదారని తెలిసి కూడా.

ఆ రోజు మాత్రం నేరుగా సముద్రానికే వెళ్లాం. గులకరాళ్ల మీద బూట్లు విప్పి పారేసి, నీళ్లలో నిలబడ్డ ఇనుప అస్థిపంజరాన్ని చూపించి "అదేంటి అలా ఉంది?" అనడిగింది. వెస్ట్ పియర్, 1866లో తెరిచారు, 2003లో కాలిపోయింది. చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. మా అమ్మాయే ఫోన్‌లో వెతికి, మంటలు రెండుసార్లు ఎలా వచ్చాయో నాకు వివరంగా, నేను విసుక్కునేదాకా చెప్పింది. నాకు లోపల కుళ్లుగా ఉంది. ఆ తుప్పు మీద ఉన్న ఆసక్తి ఆ 53 మంది మీద లేదా? లేక అది దానంతట అది అడిగేదాకా నేనే ఎప్పుడూ ఆగలేదా?