ఆరు 800లు: చివరిది కూడా మొదటిదానిలాగే

10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో పూర్తిచేసే రన్నర్‌కి ట్రాక్ మీద ఒకే ఒక్క వర్కౌట్ చెప్పమంటే 800 మీటర్ల రిపీట్లే చెప్పాలి: 800 మీటర్లు గట్టిగా పరుగు, మధ్యలో కాస్త జాగ్, మళ్ళీ అదే పరుగు, ఇలా ఆరుసార్లు. 400లు సరదాగానే ఉంటాయి, దూసుకుపోయామన్న తృప్తీ ఉంటుంది. కానీ పరుగు అందుకున్నాక శరీరం ఆక్సిజన్ వాడకం పైస్థాయికి చేరడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. 400 ఆలోపే అయిపోతుంది. ఆ తర్వాత రెండు నిమిషాలు నిలబడిపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది. 800కి నాలుగు నిమిషాలకు కొంచెం తక్కువ పడుతుంది కాబట్టి అందులో దాదాపు సగం సమయమైనా గుండె, ఊపిరితిత్తులు గట్టిగా పనిచేస్తాయి. 400లే చేస్తానంటే మధ్యలో విశ్రాంతి నిమిషం దాటనివ్వకూడదు.

ఇక వేగం. 50 నిమిషాల 10కె అంటే 5కె సుమారు 24 నిమిషాలు, అంటే కిలోమీటరుకు 4:48. ఇంటర్వెల్ పేస్, అంటే రిపీట్లు పరిగెత్తే వేగం, అదే, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. అయితే ట్రాక్ మీద కిలోమీటరు లెక్క పనికిరాదు, ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక రౌండు, 400 మీటర్లు) లెక్కలోకి మార్చుకోవాలి. సెకన్లను 0.4తో గుణిస్తే చాలు. 4:48 అంటే 288 సెకన్లు, ల్యాప్‌కి 115, అంటే 1:55. 100 దగ్గర 29 సెకన్లు, 200 దగ్గర 58, 300 దగ్గర 1:26. రెండు ల్యాపులకు 3:50. ఈ అంకెలు అరచేతి మీద పెన్నుతో రాసుకోండి, మూడో రిపీట్ వచ్చేసరికి బుర్ర కూడికలు చేసే స్థితిలో ఉండదు.

వాచీ చెప్పే పేస్‌ని ట్రాక్ మీద నమ్మకండి. మలుపుల్లో జీపీఎస్ దారి తప్పి ల్యాప్‌ని 410, 420 మీటర్లుగా చూపించడం మామూలే. ఆటో ల్యాప్ (వాచీ తనంతట తానే ల్యాపులు గుర్తించడం) ఆపేసి, గీత దాటినప్పుడల్లా బటన్ చేత్తో నొక్కాలి. ట్రాక్ రన్ మోడ్ ఉన్న వాచీ అయితే మీరు ఏ లేన్‌లో పరిగెడుతున్నారో ముందే సెట్ చేయాలి, లేకపోతే ఆ మోడ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మణికట్టు దగ్గర చూపించే హార్ట్ రేట్ మొదటి నిమిషంలో వెనకబడి ఉంటుంది, దాన్ని చూసి వేగం పెంచితే చేజేతులా చెడగొట్టుకున్నట్టే.

400 మీటర్లు అన్నది ఒకటో లేన్‌కే వర్తిస్తుంది, అదీ లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి రెండో లేన్ 407 మీటర్లవుతుంది. ఆపైన ఒక్కో లేన్‌కి ఏడున్నర మీటర్లకు కాస్త ఎక్కువే కలుస్తూ పోతుంది. ఉదయం ఆరింటికి ఏ స్టేడియంలో చూసినా నలుగురైదుగురు ఒకటి నుంచి మూడో లేన్ దాకా వరసకట్టి, ఫ్లాట్ల రేట్లు మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. వాళ్ళతో గొడవెందుకు, నాలుగో లేన్‌కి మారిపోండి. అక్కడ రెండు రౌండ్లు దాదాపు 845 మీటర్లు. టార్గెట్ 3:50 కాదు, 4:03. ఈ సంగతి పట్టించుకోనివాళ్ళు ‘ఈ రోజు కాళ్ళు కదలడం లేదు’ అనుకుని ఇంకా గట్టిగా తొక్కుతారు.

వార్మప్ విషయంలో బేరాలుండకూడదు. రెండు కిలోమీటర్లు మాటలాడగలిగే వేగంతో జాగింగ్, తర్వాత కాళ్ళు ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఊపడం, హై నీస్ (మోకాళ్ళు పైకెత్తుతూ), బట్ కిక్స్ (మడమలు వెనక్కి పిరుదుల దాకా లేపుతూ), చివర్న 80 మీటర్ల స్ట్రైడ్స్ (వేగం క్రమంగా పెంచుతూ తీసే చిన్న పరుగులు) నాలుగు. స్ట్రైడ్స్ ఎగ్గొడితే మొదటి 800 వార్మప్ కిందే పోతుంది. బయటి లేన్లు ఖాళీగా ఉండి, స్టేడియంవాళ్ళు ఒప్పుకుంటే వార్మప్ జాగ్ వ్యతిరేక దిశలో చేయండి. ఎప్పుడూ ఎడమవైపుకే తిరగడం వల్ల రెండు కాళ్ళ మీదా భారం ఒకేలా పడదు.

అసలు వర్కౌట్ చెడేది మొదటి రిపీట్‌లోనే. కాళ్ళు తాజాగా ఉంటాయి, 3:50 మరీ నెమ్మది అనిపిస్తుంది, 3:38లో ముగించి మురిసిపోతాం. అప్పు చేసి పప్పు కూడే అది. నాలుగో రిపీట్‌కి 3:55, ఆరోది 4:05. సగటు తీస్తే 3:50కి దగ్గర్లోనే వస్తుంది, కానీ కావలసిన పని జరగలేదు: మొదటి రెండూ అవసరానికి మించిన వేగం, చివరి రెండూ ఈడ్చుకుంటూ వచ్చినవి. మొదటి 100 మీటర్లు 29 సెకన్ల కంటే ముందే వచ్చాయంటే వెంటనే తగ్గించండి. ఆరు రిపీట్లూ మూడు సెకన్ల తేడాలో ఉంటే అది మంచి సెషన్. వరసగా రెండు రిపీట్లు ఐదేసి సెకన్లు ఆలస్యమైతే అక్కడితో ఆపేయడమే మంచిది.

రికవరీ 400 మీటర్ల జాగ్, సుమారు మూడు నిమిషాలు. మొదటి యాభై అడుగులు నడిచినా ఫర్వాలేదు, నిలబడిపోతే మాత్రం రక్తం కాళ్ళలో నిలిచి తల తిరుగుతుంది. ఈ మధ్య సమయానికి మొదట్నుంచీ విలువిచ్చినవాడు జర్మన్ కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్. గుండె బలపడేది పరుగులో కంటే పరుగుకీ పరుగుకీ మధ్యనే అని ఆయన నమ్మకం. నాడి 180 దాకా వెళ్ళి, తొంభై సెకన్లలో 120కి దిగకపోతే ఆ పరుగు మోతాదు మించిందని లెక్క. ఆయన శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లు 1:46.6లో పరిగెత్తాడు. నలభై దాటినవాళ్ళకి ఆ అంకెలు యథాతథంగా సరిపోవు, కానీ ఒకే సమయంలో నాడి ఎంత దిగుతోందో రిపీట్ రిపీట్‌కీ పోల్చి చూడటం ఎవరికైనా పనికొస్తుంది.

ఆరు అన్నది అందరికీ కాదు. ఇంటర్వెల్ దూరం వారం మొత్తం దూరంలో 8 శాతం దాటకపోవడం మంచిది. వారానికి 40 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళకి అది 3.2 కిలోమీటర్లు, అంటే నాలుగు 800లే. ఆరు కావాలంటే వారం మైలేజీ 60కి చేరాలి. వారానికి ఒక్కసారి చాలు, ముందు రోజూ తర్వాత రోజూ తేలిక పరుగు లేదా విశ్రాంతి.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కాబట్టి చాలామంది ట్రాక్ పని మే, జూన్ నెలల్లో పడుతుంది. అయిదున్నరకల్లా మొదలుపెట్టాలి. విశాఖ, విజయవాడ ఉక్కలో చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. ల్యాప్‌కి మూడు నాలుగు సెకన్లు వదిలేసుకోండి, పని మాత్రం అంతే జరుగుతుంది. వాన పడిన రోజు సింథటిక్ ట్రాక్ పట్టు బాగానే ఉంటుంది గానీ, తెల్ల గీతల మీద కాలు జారుతుంది. స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు) కొనకండి, ఈ వేగానికి అవసరం లేదు, అలవాటు లేని పిక్కలు పట్టేస్తాయి.

సింథటిక్ ట్రాక్ దగ్గర్లో లేని ఊళ్ళో కాలేజీ గ్రౌండ్ చాలు. దూరం కొలవలేకపోతే కాలాన్ని కొలవండి: నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు జాగ్. మొదటి నాలుగు నిమిషాల్లో ఎక్కడిదాకా చేరారో అక్కడ ఒక ఇటుక పెట్టండి, మిగతావన్నీ మొదట బయల్దేరిన చోటునుంచే మొదలుపెట్టి ఆ ఇటుక దాకా చేరాలి.